ఎనిమిదో పోర్టు

"ఇంకోసారి చూపించండి" అంది ఆమె.

అప్పటికది మూడోసారి. ఆ ఆసుపత్రి సర్వర్ గదిలో నాకది మొదటి రోజు. నేను కమాండ్ కొట్టాను, స్విచ్ తన పోర్టుల జాబితా చూపించింది, అన్నీ ఉండాల్సినట్టే ఉన్నాయి. ఆమె మాత్రం చేతిలోని కాగితం మీద స్టీలు స్కేలు పెట్టి, ఒక్కో వరుసా కిందికి జరుపుతూ, పెన్సిల్‌తో టిక్కులు పెట్టుకుంటోంది. పరీక్ష పేపర్లు దిద్దే టీచర్లు కూడా అంత నెమ్మదిగా దిద్దరు.

"అయిపోయింది మేడం. స్క్రీన్ మీద కనిపిస్తూనే ఉంది కదా."

"మీకు కనిపిస్తోంది. నేనింకా నాలుగో వరుసలో ఉన్నాను."

ఆ రోజే ఆమెకు స్కేలు అని పేరు పెట్టుకున్నాను, మనసులోనే. ఆమె నాకు పెట్టిన పేరు మాత్రం అలా దాగలేదు. వారం తిరిగేసరికి క్యాంటీన్‌లో టీ పోసే ఆయన కూడా "అయిపోయింది గారూ, చక్కెర ఎంత?" అని అడగడం మొదలుపెట్టాడు.

ఈ గొడవంతా దేనికో చెప్తాను. ఆసుపత్రి ల్యాబు మొదటి అంతస్తు నుంచి మూడో అంతస్తుకి మారుతోంది. పరీక్షల మిషన్ల నుంచి రిపోర్టులు డాక్టర్ల కంప్యూటర్లకి చేరాలంటే మధ్యలో ఒక స్విచ్ కావాలి. అది చేత్తో పట్టుకునే పెట్టె కాదు, సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌గా ఉండే వర్చువల్ స్విచ్. దానికి మీటలూ ఉండవు, లైట్లూ ఉండవు. నల్లటి స్క్రీన్ మీద కమాండ్ టైపు చేసి, ఏ పోర్టు ఏ నంబరు దారిలో నడవాలో చెప్పాలి. ఇంకో కమాండ్ కొట్టి, చెప్పింది విన్నదో లేదో చూసుకోవాలి. చివరగా సేవ్ చేయాలి. చేయకపోతే స్విచ్ ఆ మాటను ఆగిపోయేదాకా గుర్తు పెట్టుకుంటుంది. ఆగి మళ్ళీ లేచిందా, మర్చిపోతుంది.

ఆసుపత్రిలో ఇంకో రూలు కూడా ఉంది. మార్పు చేసిన మనిషి తన పనిని తనే సరిచూసుకోకూడదు. ఇంకొకరు చూసి సంతకం పెట్టాలి. ఆ ఇంకొకరే మా స్కేలు.

నేను కాంట్రాక్టు కంపెనీ మనిషిని. మూడో వారం శుక్రవారంతో నా గడువు అయిపోతుంది. సాయంత్రం ఆరింటిలోపు నాదీ ఆమెదీ రెండు సంతకాలతో పని పూర్తయిన షీటు పంపిస్తే సోమవారం నుంచి పర్మనెంటు, లేకపోతే ఇంటికే అని మా బాస్ ఖరాఖండిగా చెప్పేశాడు. మా అమ్మ మాత్రం అప్పుడే వీధంతా చాటేసింది. మూలమీద టైలరు నన్ను ఆపి, ఆఫీసర్ల కొలతలు వేరుగా తీయాలా అని అడిగాడు. నాకు ఎక్కడ తల పెట్టుకోవాలో తెలియలేదు.

ఆ శుక్రవారం నాలుగింటికి ఆమె తడిసిన గొడుగుతో సర్వర్ గదిలోకి వచ్చింది. బయట వాన ఎంత పడుతోందో కిటికీ లేని ఆ గదిలో నాకు తెలీదు. ఆమె ముంగురుల చివర నిలిచిన చినుకుల్ని బట్టి గట్టిగానే పడుతోందని అర్థమైంది. ఏసీ చలికి ఎప్పటిలాగే గోధుమరంగు మగవాళ్ళ స్వెటర్ వేసుకుంది, చేతులు రెండు మడతలు పెట్టి. చూడకూడదు అనుకుంటూనే చూశాను. ఆమె గొడుగు మూల పెట్టి స్కేలు తీసింది, నా చూపు వెంటనే స్క్రీన్ మీదికి వెళ్ళిపోయింది.

"ఎనిమిది పోర్టులూ పెట్టేశాను. సేవ్ చేశాను. అయిపోయింది" అన్నాను.

"చూపించండి."

చూపించాను. స్కేలు జరిగింది. ఒకటి, రెండు, మూడు. ఏడో వరుస దాకా వచ్చేసరికి నాలుగూ నలభై. ఎనిమిదో వరుస దగ్గర స్కేలు ఆగిపోయింది.

"ఇది నలభై ఉండాలి. ముప్పై అని ఉంది."

చూశాను. ముప్పయ్యే. అది రక్తపరీక్ష మిషన్ పోర్టు. తప్పు నాదే కాబట్టి ఒళ్ళు ఇంకా మండింది. ఒక్క కమాండ్ కొట్టాను, జాబితా మళ్ళీ తెచ్చాను. నలభై.

"ఇదిగోండి. ఇప్పుడైనా అయిపోయిందా?"

ఆమె టిక్కు పెట్టింది. పెన్ను తీస్తుందని చూశాను. తీయలేదు.

"రీస్టార్ట్ చేయండి."

"ఎందుకండీ?"

"లేచాక కూడా ఇలాగే ఉంటుందో లేదో చూడాలి."

"లేవడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. ఇప్పుడు అయిదు. ఆరింటికి షీటు వెళ్ళకపోతే నా ఉద్యోగం పోతుంది, ఆ సంగతి మీకు తెలుసు."

"తెలుసు. అందుకే త్వరగా మొదలుపెట్టమంటున్నాను."

ఏం మనిషి ఈవిడ అనుకున్నాను. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. అమ్మ.

"అయిపోయిందా నాన్నా?"

"అయిపోయిందమ్మా" అనేశాను అలవాటుగా. స్కేలు నావంక చూసింది. ఫోన్ పెట్టేశాను.

"మీకు నామీద ఏమైనా కోపమా?" అని అడిగాను. గొంతు కొంచెం పెరిగింది కూడా. "మూడు వారాల నుంచి చూస్తున్నాను. ఏది చూపించినా ఇంకోసారి. ఇంత అనుమానంతో ఎలా బతుకుతారండీ?"

ఆమె స్కేలును కాగితం మీద పెట్టింది.

"రెండేళ్ళ కిందట ఒకాయన ఇలాగే అయిపోయింది అన్నాడు" అంది నెమ్మదిగా. "పెద్దాయన కదా అని నేను చూడకుండా సంతకం పెట్టేశాను. మర్నాడు ఒక ముసలావిడ రిపోర్టు నాలుగు గంటలు ఎక్కడికీ చేరలేదు. డాక్టరు గారు ఎదురు చూస్తూనే ఉన్నారు. ఆవిడ బతికింది. కానీ ఆ నాలుగు గంటలూ వాళ్ళబ్బాయి కౌంటర్ దగ్గర నిలబడే ఉన్నాడు. నేను అతన్ని దాటుకుంటూ రెండుసార్లు టీకి వెళ్ళొచ్చాను, నా సంతకం వల్లే అని తెలియక."

రీస్టార్ట్ కొట్టాను.

స్క్రీన్ నల్లబడింది. ఇరవై నిమిషాలు ఆ చలిలో చేసేదేమీ లేదు. ఆమె ఫ్లాస్కు తీసి మూతలో టీ పోసి నాకిచ్చింది, తను మూత కింద ఉండే చిన్న కప్పుతో తాగింది.

"ఆ స్వెటర్ ఎవరిది?" అని అడిగాను. మూడు వారాలుగా అడగాలనుకుంటున్న ప్రశ్న.

"మా నాన్నది. స్కేలు కూడా ఆయనదే. పుస్తకాలు బైండింగ్ చేస్తారు."

నాకెందుకో ప్రాణం లేచొచ్చింది. ఆ స్వెటర్ గురించి నేను ఎన్ని రకాలుగా ఆలోచించానో ఆమెకు చెప్పలేదు.

"నన్ను స్కేలు అంటారటగా" అంది ఆమె టీ ఊదుకుంటూ.

"మనసులోనే అనుకున్నాను."

"క్యాంటీన్ ఆయనతో కూడా మనసులోనే అన్నారా?"

టీ గొంతుకు అడ్డం పడింది. దగ్గుతూ చూస్తే ఆమె నవ్వుతోంది. మూడు వారాల్లో ఆమె నవ్వడం చూడలేదు. ఇన్నాళ్ళూ ఈ నవ్వును ఏ స్కేలు కింద దాచిందో అని నాకు కోపం కూడా వచ్చింది.

అయిదూ ఇరవై రెండుకి స్విచ్ లేచింది. ధీమాగా కమాండ్ కొట్టాను. జాబితా వచ్చింది. స్కేలు జరిగింది. ఏడు పోర్టులూ సరిగ్గా ఉన్నాయి.

ఎనిమిదో పోర్టు, ముప్పై.

ఏం జరిగిందో వెంటనే తట్టింది. సేవ్ చేసింది ఆమె రాకముందు. ఎనిమిదో పోర్టు సరిచేసింది ఆమె చెప్పాక, కోపంలో. ఆ కోపంలో మళ్ళీ సేవ్ చేయలేదు. ఆదివారం ఆసుపత్రిలో జనరేటర్ల పని ఉందని, సర్వర్లన్నీ ఒక గంట ఆపుతారని వారం నుంచి నోటీసు బోర్డు మీద ఉంది. సోమవారం పొద్దున రక్తపరీక్ష రిపోర్టులు ఒక్కటీ డాక్టర్లకి చేరేది కాదు. కౌంటర్ దగ్గర ఇంకెవరో నిలబడేవారు.

ఆమె ఎనిమిదో వరుస టిక్కును రబ్బరుతో చెరిపేసింది. తిట్టి ఉంటే బాగుండేది.

నలభై పెట్టాను. సేవ్ చేశాను. జాబితా చూపించాను. అసలు సేవ్ అయిన ఫైలు కూడా తెరిచి, అందులోనూ నలభై ఉందని చూపించాను. సరిచూడటం ముగిసేసరికి అయిదూ నలభై అయిదు. ఆమె టిక్కు పెట్టి, పెన్ను చేతిలోకి తీసుకుంది.

"ఫైల్లో ఉంది. నాకు చాలు" అంది. "సంతకం పెడతాను. ఆరింటికి షీటు వెళ్ళిపోతుంది."

మూడు వారాలుగా నేను ఆ పెన్ను కోసమే చూశాను. ఇప్పుడు అది కాగితానికి అంగుళం పైన ఉంది. ఆమె నా కోసమే, తన అలవాటు పక్కన పెట్టి, ఆ పెన్ను పట్టుకుంది. అది అర్థమయ్యాక నాకు ఆ సంతకం తీసుకోబుద్ధి కాలేదు.

"వద్దండి" అన్నాను. "ఇంకోసారి రీస్టార్ట్ చేద్దాం."

"ఆరు దాటిపోతుంది."

"దాటనివ్వండి."

కొట్టాను. స్క్రీన్ నల్లబడింది. నా ఉద్యోగం కూడా దాంతోపాటే నల్లబడిందని నాకు తెలుసు. అమ్మ మళ్ళీ ఫోన్ చేసింది.

"ఇంకా అవలేదమ్మా" అన్నాను.

"ఒంట్లో బాగానే ఉందా నాన్నా?" అంది అమ్మ.

ఆరూ అయిదుకి స్విచ్ లేచింది. ఎనిమిదికి ఎనిమిది సరిగ్గా ఉన్నాయి. ఆమె ఒక్కో వరుసా చూసి, ఆరూ పన్నెండుకి సంతకం పెట్టింది. ఆలస్యానికి కారణం అన్న గడిలో కూడా ఏదో రాసింది. షీటు ఫొటో తీసి పంపించి, బాస్‌కి ఫోన్ చేశాను.

"ఆరన్నాను కదా" అన్నాడు ఆయన. "నీతో పెట్టుకుంటే ఎప్పుడూ ఇదే. పని ముందే అయిపోయిందంటావు, తర్వాత నేను అందరికీ సమాధానం చెప్పుకోవాలి."

ఆమె చెయ్యి చాపింది. ఫోన్ ఇచ్చాను.

"ఆసుపత్రి తరఫున తనిఖీ చేసింది నేనండి. ఆరులోపే సంతకం పెడతానన్నాను. ఈయనే వద్దని, ఇంకోసారి చూద్దామన్నారు. అందుకే ఆలస్యం. షీటులో రాశాను."

"ఎవరు? ఈయనా?" అన్న మాట నాకు కూడా వినిపించింది. ఆమె ఫోన్ తిరిగిచ్చింది.

"సోమవారం తొమ్మిదింటికి వచ్చి కాగితాలు తీసుకో" అన్నాడు బాస్. "ఇవాళ చేసినట్టే రోజూ చెయ్యి. నా ప్రాణానికి హాయిగా ఉంటుంది."

కింద మెట్ల దగ్గరికి వచ్చేసరికి వాన సన్నబడింది. ఆమె గొడుగు విప్పబోతూ ఆగింది. నా దగ్గర గొడుగు లేదని ఆమెకు తెలుసు. గొడుగు సంగతి కాక ఇంకేదో చెప్పబోతున్నానని కూడా తెలిసి ఉంటుంది.

"మీరంటే నాకిష్టం" అన్నాను. "మూడు వారాల నుంచీ మీమీద చిరాకు పడుతున్నాననే అనుకున్నాను. చిరాకే అయితే ఇంటికెళ్ళాక కూడా మీ గురించే ఎందుకు ఆలోచిస్తాను?"

ఆమె నా మొహంలోకి చూసింది. ఆ చూపులో స్కేలు లేదు, కానీ తొందర కూడా లేదు.

"ఇప్పుడే ఉద్యోగం వచ్చింది. ఆ ఊపులో ఉన్నారు" అంది. "ఇంటికెళ్ళి నిద్రపోండి. రేపు లేచాక కూడా ఈ మాట ఇలాగే ఉంటే వచ్చి చెప్పండి. బస్టాండు వెనక బైండింగ్ షాపు. మేడమీద మేం ఉంటాం."

గొడుగు నా చేతిలో పెట్టి, తను ఆటో ఎక్కి వెళ్ళిపోయింది. ఈమెకు ప్రేమను కూడా రీస్టార్ట్ చేసి చూపించాలా అని తల పట్టుకున్నాను.

అయినా మర్నాడు ఎనిమిదింటికల్లా ఆ బైండింగ్ షాపు మేడ మెట్లెక్కాను. తలుపు తీసింది వాళ్ళ నాన్న. అదే గోధుమరంగు స్వెటర్, చేతులకి జిగురు మరకలు. వెనకాల ఎత్తుగా పేర్చిన పాత పుస్తకాలు.

"అమ్మాయితో మాట్లాడాలండీ. గొడుగు కూడా ఇవ్వాలి."

"కూర్చో బాబూ. చెప్పేవాడివి నువ్వు, వినేది అది. ఇద్దరూ కాక మూడో మనిషి సరిచూడాలట కదా, మీ రూలు. రాత్రి నాకు వివరంగా చెప్పింది." ఆయన కళ్ళజోడు సర్దుకుని నా ఎదుట కూర్చున్నాడు. "ఏం చెప్దామని వచ్చావు?"

నా మొహం ఎలా ఉందో నాకు తెలీదు. జిగురు వాసన, గోడ గడియారం చప్పుడు, వంటింటి గుమ్మం పక్కన ఒక చున్నీ అంచు. తప్పించుకునే దారి లేదు. తప్పించుకోవాలనీ లేదు.

"మీ అమ్మాయంటే నాకిష్టమండీ. తనకీ ఇష్టమైతే పెళ్ళి చేసుకుంటాను. ఆ ఇష్టం నిన్న సాయంత్రం ఉన్నట్టే ఇవాళ పొద్దున లేచాక కూడా ఉంది."

ఆయన తల పంకించాడు.

"ఇంకోసారి చెప్పు."

కూతురు ఎక్కడ నేర్చుకుందో తెలిసిపోయింది. పళ్ళు నూరుకుని, అదే మాట, ఒక్క అక్షరం మార్చకుండా మళ్ళీ చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు, రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చుకుంటున్నట్టు.

"బాగానే ఉంది. ఇంకొక్కసారి..."

వంటింటి గుమ్మంలోకి ఆమె వచ్చింది. స్వెటర్ లేదు, స్కేలు లేదు. చేతిలో మూడు టీ కప్పుల పళ్ళెం ఉంది, మొహం ఎర్రబడి ఉంది.

"ఇక చాలు నాన్నా" అంది. "అయిపోయింది."