ఎడమ చేతి కొలత

ఆ ఉదయం గొడవ ఒక గౌను దగ్గర మొదలైంది. పొద్దున్న ఎనిమిదింటికే ఎండ వంటింటి గట్టెక్కింది. బుల్లి మాత్రం పొడుగు చేతుల గౌనే వేసుకుంటానని వరసగా నాలుగో రోజు మొండికేసింది.

విప్పమని తల్లి, విప్పనని ఎనిమిదేళ్ళ కూతురు. మధ్యలో నానమ్మ కలగజేసుకుంది.

“పోనీలే అమ్మాయ్. పిల్లకి నచ్చింది వేసుకోనీ.”

కోడలికి వింతగా అనిపించింది. వేసవిలో పిల్లకి రోజూ రెండుసార్లు బట్టలు మార్చలేదని సాధించే మనిషి ఈవిడే.

ఆమె ఇంట్లోనే బట్టలు కుడుతుంది. ఆ గౌనూ నెల కిందట తనే కుట్టింది. కుడి చెయ్యి వదులుగా ఊగుతోంది, ఎడమ చెయ్యి మాత్రం బిగుసుకుని ఉంది. మొదట తన కత్తెరనే అనుమానించింది. కానీ గుడ్డ మడత పెట్టి రెండు చేతులూ ఒక్కసారే కత్తిరించిన సంగతి గుర్తుంది. అలా కత్తిరించినవి ఒకటి చిన్నదీ ఒకటి పెద్దదీ కావు.

మెడలో వేలాడుతున్న టేపు తీసి పిల్ల ముంజేతికి చుట్టింది. కుడిచేతికంటే ఎడమది అంగుళం ఎక్కువ వచ్చింది. టేపు బిగియగానే బుల్లి పెదవి కొరుక్కుంది తప్ప కిక్కురుమనలేదు. ఆ చప్పుడు లేకపోవడమే తల్లిని భయపెట్టింది. కత్తెర తీసుకుని, మణికట్టు నుంచి మోచేతి దాకా కుట్టు విప్పేసింది.

లోపల నానమ్మ చేతిరుమాలు కట్టి ఉంది. దాని కింద నాలుగు పంటి గాట్లు. చుట్టూ వాపు, చీము.

“ఏం కరిచింది?”

బుల్లి గోడమీది ఫొటో వైపు చూసింది.

“చెప్తే దాన్ని చంపేస్తారు.”

ఆ ఫొటోలో బుల్లి ఒడిలో సింహం పిల్ల ఉంది. బుల్లి దానికి సీసాతో పాలు పట్టిస్తోంది. తొమ్మిది రోజుల కిందట తండ్రి, నానమ్మ కలిసి పిల్లని ఆ జంతువుల పార్కుకి తీసుకెళ్ళారు. ఆస్పత్రి నర్సుల యూనిఫారాలు ఇచ్చే గడువు దగ్గరపడటంతో తల్లి ఆగిపోయింది. దూరం నుంచి చూడండి, ముట్టుకోనివ్వకండి అని గుమ్మంలో నిలబడి మరీ చెప్పింది. ఫొటో స్టూడియో నడిపే భర్త నవ్వుతూ తలూపి వెళ్ళి, తిరిగొచ్చాక ఆ ఫొటోని పెద్దది చేయించి హాల్లో తగిలించాడు. ఆమె రెండు రోజులు మాట్లాడలేదు. పిల్లకేమీ కాలేదు కదా అని మూడో రోజున మెత్తబడింది.

ఇప్పుడు అతను సగం గడ్డం గీసుకున్న మొహంతో వచ్చి నిలబడ్డాడు.

“చిన్న గాటే. దానివింకా పాలపళ్ళు. నీకు చెబితే ఇల్లు పీకి పందిరేస్తావని...”

“నాకు చెప్పలేదు, సరే. పిల్లకి చంపేస్తారన్న మాట ఎందుకు చెప్పారండీ?”

అతను తువ్వాలుతో నురగ తుడుచుకుంటూ జరిగింది చెప్పాడు. కరవగానే కాపలావాడు కర్రతో సింహం పిల్ల మూతిమీద కొట్టాడట. బుల్లి తన చేతికోసం కాక దానికోసం ఏడ్చిందట.

“ఎంతకీ ఊరుకోలేదు. అమ్మకి చెప్తే దాన్ని చంపేస్తారని ఏదో నోటికొచ్చింది అనేశాను.”

నానమ్మ మందు రాసి కట్టు కట్టి, ఆ రోజు నుంచీ పిల్ల స్నానం, బట్టలు తనే చూసుకుంది. నాలుగు రోజులుగా వాపు పెరుగుతున్నా, ఇవాళో రేపో తగ్గుతుందని ఇద్దరూ ఊరుకున్నారు.

క్లినిక్కులో డాక్టరు తొమ్మిది రోజులని వినగానే పెన్ను కింద పెట్టింది. వెంటనే తేవలసిందంది. గాయం కడిగి, రేబిస్ రాకుండా మొదటి సూది వేసింది. ఇంకా నాలుగు పడాలి. ఏమీ కాదని మాత్రం మాట ఇవ్వలేదు. ఆ జంతువు ఇప్పుడెలా ఉందో కనుక్కోమంది.

భర్త వరండాలోకి వచ్చి పార్కుకి ఫోన్ చేశాడు. అవతలి గొంతు పక్కనున్న ఆమెకీ వినబడింది.

“కరిస్తే ఇంక ఫొటోలకి పనికిరాదు సార్. ఆ సాయంత్రమే తీసేశాం. ఇప్పుడు కొత్తది వచ్చింది, రండి.”

“తీసేశాం అంటే?”

ఫోన్ పెట్టేశారు. అతను గోడకి ఆనుకుని మొహం చేతుల్లో దాచుకున్నాడు. ఆమె అతని భుజంమీద చెయ్యి వెయ్యలేదు.

“దాన్ని ఆ రోజే చంపేసి ఉంటారు. ఈ పిచ్చిపిల్ల దాని ప్రాణం కాపాడుతున్నాననుకుని తొమ్మిది రోజులు నొప్పి మింగింది.”

“సింహం పిల్ల బాగానే ఉందని చెబుదాం,” అన్నాడతను బతిమాలుతూ. “లేకపోతే బుల్లి తట్టుకోలేదు.”

“ఇంకో అబద్ధమా? జరిగింది మీరే చెప్పండి. అందరం కూర్చున్నప్పుడు చెప్పండి.”

మధ్యాహ్నం నలుగురూ భోజనానికి కూర్చున్నారు. అతను ముద్ద కలిపాడు గానీ నోటిదాకా తీసుకెళ్ళలేదు. కంచంలోకి చూస్తూనే అంతా చెప్పాడు.

బుల్లి ముద్ద వదిలేసింది. “నేను ఇవాళ అమ్మకి చెప్పాననా?”

“కాదమ్మా. నువ్వు చెప్పినా చెప్పకపోయినా ఆ రోజే తీసేశారు. నేను నీకు అబద్ధం చెప్పాను.”

నానమ్మ కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టుకుంది. బుల్లి లేచి వెళ్ళి, కుర్చీ ఎక్కి, ఒంటిచేత్తో ఫొటో దించి గోడవైపు తిప్పి పెట్టింది. మళ్ళీ వచ్చి కూర్చుంది.

“మిగతా సూదులకి నేనే తీసుకెళ్తాను తల్లీ,” అన్నాడు తండ్రి. అతని కళ్ళనీళ్ళు కంచంలో పడుతున్నాయి.

బుల్లి మళ్ళీ ముద్ద కలుపుకుంది.

“సరే, నువ్వే తీసుకెళ్ళు. కానీ నాన్నా, నువ్వు చెప్పొద్దన్నవన్నీ ఇకనుంచి ముందు అమ్మకే చెప్తా.” తర్వాత నానమ్మ వైపు తిరిగి, ఇంకాస్త నెమ్మదిగా అంది. “నానమ్మ చెప్పొద్దన్నవి కూడా.”