పది గంటల ఫోన్

చెరకు ట్రాక్టరు ఒకటి సందు చివర హారన్ కొట్టుకుంటూ పోయింది. చాంద్రి వాకిలి ఊడ్చి, మనవరాలి తడిగుడ్డలు దండెం మీద ఆరేస్తోంది. లోపల గోడమీది కొత్త గడియారం పది కొట్టింది. సరిగ్గా అప్పుడే కోడలు సోని ఫోన్ మోగింది.

సోని స్నానానికి వెళ్లింది. చాంద్రి చేతులు కొంగుకు తుడుచుకుని ఫోన్ ఎత్తింది.

"నమస్తే, చాంద్రి మేడమేనా?" అవతల తేనె పూసిన గొంతు.

"ఆఁ, నేనే."

"పాపకు నెల నిండుతోంది కదా మేడం. ఇప్పుడైనా మీ పాలు సరిపోతున్నాయా?"

చాంద్రికి యాభై ఎనిమిదేళ్లు. పొట్ట చెక్కలయ్యేలా నవ్వాల్సిన ప్రశ్న. కానీ నవ్వు పెదాల దాకా వచ్చి ఆగిపోయింది. ఈమెకు తన పేరు ఎట్లా తెలుసు?

"నిన్న చెప్పాను కదా. పాప ఏడుస్తోందంటే కడుపు నిండనట్టే. మూడో సీసా కూడా మొదలుపెట్టండి. రేపు మళ్లీ చేస్తాను."

అవతలామె ఫోన్ పెట్టేసింది.

మూడో సీసా! అంటే రెండు ఇప్పటికే నడుస్తున్నాయి. చాంద్రి ఇంట్లోకి నడిచి చుట్టూ చూసింది. వరికోతలకని బీర్కూర్ దగ్గర తండాకు వెళ్లి, వారం తర్వాత నిన్న సాయంత్రమే తిరిగొచ్చింది. ఈ వారంలో ఇంట్లోకి రెండు కొత్త వస్తువులు వచ్చాయి. గోడకు గడియారం, అలమారలో పాలపొడి డబ్బా. రెండింటి మీదా ఒకే ఎలుగుబంటి పిల్ల బొమ్మ. డబ్బా మూత తీసి చూసింది. సగం ఖాళీ.

సోని తల తుడుచుకుంటూ వచ్చింది. అత్త చేతిలో డబ్బా చూసి ఆమె ముఖం పాలిపోయింది.

"రోజూ ఫోన్ చేసేది ఎవలు?"

"డాక్టరమ్మనట అత్తమ్మా. నన్ను చాంద్రి మేడం అంటది. ఆ పేరు మీది, నాది కాదని చెప్పనీకి సిగ్గయ్యి ఊ అంటున్న." సోని తువ్వాలు చేతిలో నలిపింది. "పాప రాత్రి రెండుసార్లు లేచిందంటే, నీ పాలు పలచగ ఉన్నయి అన్నది. మొదలు నమ్మలే. రోజూ అడిగితే నిజమేనేమో అనిపిచ్చింది. ఇప్పుడు నిజంగనే పాలు తగ్గినయి. పాప రొమ్ము పట్టకుండ మొఖం తిప్పుకుంటుంది."

చాంద్రి డబ్బా మూత గట్టిగా పెట్టింది. ఎదురుచూస్తే పని జరగదు. ఇంకో వారం పోతే ఈ పిల్ల పాలు పూర్తిగా ఎండిపోతాయి.

"ఏడువకు బిడ్డా. మొదలు నన్ను జెర సోచాయించనియ్యి."

గుమ్మంలో కూర్చుని ఆలోచించింది. ఫోన్ నంబరేమో సోనిది. పేరేమో తనది. ఈ రెండూ ఒక్కచోట కలిసింది ఎక్కడ? బ్యాంకులో తన పేరుకు తన నంబరే ఉంది. రేషన్ దుకాణంలో కొడుకు నంబరు. దవాఖానలో సోని పేరే రాశారు. మరి?

చాంద్రి ఒక్కసారిగా లేచి నిలబడింది.

సోని దవాఖాన నుంచి వచ్చిన మర్నాడు డాక్టరు పాపకు రాసిన చుక్కల మందు కోసం తను మెడికల్ షాపుకు వెళ్లింది. కొడుకు వినోద్‌కుమార్ పనిచేసే షాపే. ఆ రోజు వాడు సరుకు తేవడానికి నిజామాబాద్ పోయాడు. మందు లేదు, వస్తే ఫోన్ చేస్తాం, పేరు, నంబరు చెప్పమని, తనెవరో తెలియని ఓనరు హరనాథబాబు ఆ మందు అడిగినవాళ్ల పేర్లు రాసే పుస్తకం తీశాడు. తన నంబరు తనకు నోటికి రాదు. దవాఖాన చీటీ మీదున్న సోని నంబరు చూపించింది. పేరు మాత్రం తనది చెప్పింది.

ప్రపంచం మొత్తంలో అది ఒక్కచోటే.

మధ్యాహ్నం వినోద్ బండి ఆగింది. కాళ్లు కడుక్కుని కంచం ముందు కూర్చున్నాడు. చాంద్రి అన్నం వడ్డించలేదు. గడియారం తీసి కంచంలో పెట్టింది.

"యాడీ, ఏంది గిది?" తల్లిని లంబాడీలు యాడీ అనే పిలుస్తారు.

"అదే అడుగుతున్న. ఎవలిచ్చిన్రు?"

"పాలపొడి కంపెనీ సారు భానుప్రసాద్. డబ్బా గూడ ఫ్రీనే ఇచ్చిండు."

"ఊకెనే ఇచ్చిండా? షాపుల చుక్కల మందు పుస్తకం వానికి చూపిచ్చినవా?"

వినోద్ తల పక్కకు తిప్పుకున్నాడు. "ఫోటోలు తీసి పంపిన. కొత్తగ కాన్పయినోళ్లకు మా డాక్టర్ మేడం ఉచితంగ సలహాలు చెప్తది అన్నడు. మంచిదే కదా అనుకున్న."

"ఎంతమంది?"

"అరవై ఒక్క పేర్లు."

"పేర్లు చదివినవా?"

"గంతమందివి చదువుకుంట కూసుంటనా? పేజీలు తిప్పుకుంట ఫోటోలు కొట్టిన."

"చదివితే నీ తల్లి పేరు కనవడేది."

వినోద్‌కు అర్థం కాలేదు. చాంద్రి సోని ఫోన్ తీసుకుని పొద్దుటి నంబరుకే కలిపి స్పీకరు పెట్టింది.

"చెప్పండి చాంద్రి మేడం!" అదే తేనె గొంతు.

"అమ్మా, నువ్వు డాక్టర్‌వేనా?"

"నేను అడ్వైజర్‌ని మేడం."

"నా నంబరు ఎవలిచ్చిన్రు?"

"మీ ఊరి మెడికల్ షాపు నుంచే వచ్చింది. మీ పాప ఎలా ఉంది?"

"నాకు పాప లేదు. కొడుకున్నడు. ఇరవై తొమ్మిదేండ్లు. చెరకు కొట్టుకుంట గట్టు మీద కూసొని నా పాలే ఇచ్చిన. బొక్కలు గట్టిగనే ఉన్నయి, బుద్ధే పెరగలే. వానికి ఏ పౌడర్ పొయ్యాలె బిడ్డా?"

ఫోన్ కట్టయింది.

సోని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు. వినోద్ చెవులు ఎర్రబడ్డాయి.

"పాలు చాలకనే కదా యాడీ, పిల్ల ఏడ్సింది..."

"నేను తండాకు పోయిన నాడు పిల్ల ఉచ్చకు తడిసిన గుడ్డలు తొమ్మిది దండెం మీద ఆరేసిన. పాలు చాలకుంటే గా నీళ్లు యాడికెల్లి వచ్చినయి ర? పిల్ల ఏడ్సింది ఒకపూట. నీ పెండ్లాం ఏడ్సింది వారం. అది నీకు ఇనవడలే!"

వినోద్ భార్య వైపు తిరిగాడు. ఆమె కళ్లకింద నల్లటి చారలు అప్పుడే మొదటిసారి చూసినట్టు చూశాడు.

"నాకొక్క మాట చెప్పకపోతివి సోనీ."

"డబ్బా తెచ్చినోనికే ఏం చెప్పాలె? నువ్వు గూడ నా పాలు చాలవనే అనుకున్నవనుకున్న."

అతను తలవంచుకున్నాడు. కంచంలోని గడియారం టిక్కు టిక్కుమంటూనే ఉంది. దాని మీద రెండు కన్నీటి చుక్కలు పడ్డాయి.

సాయంత్రం ఆశ వర్కర్ శాంతకుమారి వచ్చింది. పాపను తూచింది, సోనిని పక్కన కూర్చోబెట్టుకుంది. "పాలు యాడికీ పోలే. పిల్ల గుంజితేనే ఊరుతయి. రొమ్ము మీదేసుకొని పండుకోబెట్టు, అడిగినప్పుడల్లా ఇయ్యి. సీసా ఒక్కపారే బంద్ చెయ్యం, తగ్గించుకుంట పోదాం. తూకం నేను చూస్త."

అయిదు రోజులు ఇంట్లో ఎవరూ సోనికి పని చెప్పలేదు. వంట చాంద్రిది, గుడ్డలు వినోద్‌వి. దండెం మీద వాటిని వంకరగా ఆరేస్తుంటే సందులో వాళ్లు ఆగి మరీ చూశారు.

ఆరో రోజు పొద్దున వినోద్ గుమ్మంలో కూర్చుని ఫోన్ చేస్తున్నాడు. "అక్కా, మెడికల్ షాపు వినోద్‌ను. మీ నంబరు కంపెనీకి ఇచ్చింది నేనే. తప్పయింది. పాల గురించి ఫికరుంటే ఆశక్కను అడుగున్రి, ఆ ఫోన్ నమ్మకున్రి." ఒకామె మంచిగా విన్నది. ఇంకొకామె వాళ్లాయనకు ఫోనిచ్చి తిట్టించింది. వినోద్ అన్నీ విని, కాగితం మీద టిక్కు పెట్టుకుంటున్నాడు.

లోపల సోని ఫోన్ మోగింది.

"చాంద్రి మేడమేనా?" గుమ్మంలోంచీ ఫోన్లోంచీ ఒకే గొంతు. "నీ పాలు చాలవన్న మాట అబద్ధం. నంబరు ఇచ్చింది నేనే. మాఫ్ చెయ్యి."

సోని ఒళ్లో పాప కళ్లు మూసుకుని రొమ్ము పట్టుకుంది.

"మా అత్తమ్మను అడిగి చెప్త," అంది సోని.

చాంద్రి నోటి మీద వేలు పెట్టి ఇద్దరినీ ఆపింది. వంగి, మనవరాలి గొంతు దగ్గర చెవి పెట్టింది.

గుటుక్. కాసేపాగి, మళ్లీ గుటుక్.

"ఇగ మాఫ్ చెయ్యి బిడ్డా," అంది కళ్లొత్తుకుంటూ.