అతుకు అవతలి కొస

సిరిసిల్ల శివారులో బట్టలకు రంగులద్దే యూనిట్ ఒకటి ఉంది. దాని వెనుక రంగునీళ్లు నిలవ ఉంచే గుంట. ఆ నీళ్లు నేలలోకి ఇంకి చుట్టుపక్కల బోర్లలోకి దిగకుండా గుంట అడుగునా, గట్ల వాలునా మందపాటి నల్ల షీటు పరిచి ఉంటుంది. పాత షీటు అడుగున చిరిగింది. నీళ్లు తోడేసి దాని మీదే కొత్తది వేసే పని గంగాప్రసాద్‌కు వచ్చింది. యూనిట్ ఆపలేదు. నీళ్లను ట్యాంకుల్లోకి మళ్లించారు. అవి నిండేలోగా గుంట సిద్ధం కావాలి.

గంగాప్రసాద్‌ది బోయినపల్లి దగ్గర పల్లె. ఈ పని ఒమన్‌లో నేర్చుకున్నాడు. తిరిగొచ్చాక కోరుట్లలో రైసుమిల్లుల గుంటలు, జగిత్యాలలో చెత్తయార్డు చేశాడు. సిరిసిల్లలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసే తమ్ముడు మధును కూడా ఇందులోకి తెచ్చాడు. మధుది ఎడమచేతి వాటం. ఆ చేతి ఉంగరపు వేలు సగమే ఉండేది. మిగతా సగం సాంచ తీసుకుంది.

పోయిన వానాకాలం మధు ఇదే గుంటకు అతుకు వేయడానికి వచ్చి, సాయంత్రం ఒక్కడే ఉండగా జారి నీళ్లలో పడ్డాడు. తెల్లవారి తేలాడు. తడిసిన షీటు చేప వీపులా ఉంటుంది. ఈత వచ్చినవాడు కూడా ఎక్కి రాలేడు. అందుకే గట్టు మీది నుంచి తాడు వేలాడదీసి పనిచేస్తారు. జట్టుకు ఉన్నది ఒక్కటే తాడు. ఆ రోజు అది గంగాప్రసాద్‌తో కోరుట్లలో ఉంది.

మధు భార్య ప్రవళికకు అందరూ ఒకే మాట చెప్పారు. మేనేజరు చెప్పాడు, శవాన్ని తీసినవాళ్లు చెప్పారు, గంగాప్రసాద్ కూడా చెప్పాడు. "తలకు తాకింది. పడంగనే పాణం పోయింది. బాధపడలే." ఆ ఒక్క మాట తల కింద పెట్టుకునే ఆమె ఇన్ని నెలలు నిద్రపోయింది. ఇప్పుడు మధు చేసిన పనే ఆమె చేస్తోంది.

ఆ రోజు పొద్దున గుంటలోకి ముందుగా దిగింది గంగాప్రసాదే. అడుగున నీలిరంగు బురద ఎండి, పాలమీది మీగడలా ముడతలు పడి ఉంది. ఉత్తరపు గట్టు వాలు దగ్గర ఆగిపోయాడు.

వాలు మీది నీలిపొరలో నల్లటి చారలు. కింద నుంచి పైకి, పక్కపక్కన, ఒకదాని మీద ఒకటి. అరచేతులు పాకి, జారిన చారలు. అన్నీ గట్టు అంచుకు బారెడు కింద ఆగిపోయాయి. ఎడమచేతి గుర్తుల్లో ఉంగరపు వేలు సగమే ఉంది.

అతను పైకొచ్చి, కొత్త షీటు చుట్టను ఉత్తరం వైపు తిప్పమన్నాడు.

"గీ దిక్కు ముందేస్తున్నవేంది బావా?" ప్రవళిక అడిగింది. "నిన్న ఆ దిక్కన్నవు గదా."

"ఎండ గీడికి ముందస్తది బిడ్డ. వేడికి షీటు సాగుతది."

ఆమె వాలు కనిపించే చోటికి వచ్చేసరికి చారలు కొత్త షీటు కిందికి వెళ్లిపోయాయి.

ఇసుక సంచులు మోసే సాయవ్వ మధ్యాహ్నం ఉత్తరపు గట్టు మీది గుంజకు తగిలించిన అన్నం డబ్బాలు దించింది. "మధు ఉన్నప్పుడు పదిగొట్టకముందే నీ డబ్బ మూత లేసేది ప్రసాదూ. ఇప్పుడు కాకి సుత ముడుతలేదు."

"ఆకలికి ఆగకపోతుండె," అంది ప్రవళిక. నవ్వింది కూడా. "ఇంట్ల గంతే. పొయ్యి మీదికెల్లే తింటుండె."

గంగాప్రసాద్ తన డబ్బా మూత తీశాడు.

పొద్దుగూకి షీటు చల్లబడ్డాక అతుకు పరీక్ష మొదలైంది. రెండు షీట్లను కలిపేటప్పుడు వేడి యంత్రం రెండు వరుసలుగా అతుకుతుంది. మధ్యలో సన్నటి సందు మిగులుతుంది. ఈ కొస నుంచి అందులోకి గాలి కొట్టి, పంపు తీసేసి, గేజు చూస్తారు. ముల్లు కదలకుంటే అతుకు మంచిది. అప్పుడు అవతలి కొసన ఉన్న మనిషి కత్తితో చిన్న గాటు పెడతాడు. గాలి నిట్టూర్చినట్టు బయటికొస్తుంది. ఆ కొసన నిలబడటం మధు పని. అతని గాటు ఎప్పుడూ ఎడమకు వాలి ఉండేది. ఇప్పుడు ఉత్తరపు గట్టు మీద, కత్తి పట్టుకుని ప్రవళిక నిలబడింది. సాయవ్వ బస్సుకు వెళ్లిపోయింది.

గంగాప్రసాద్ దక్షిణపు గట్టు మీద కూర్చుని గాలి కొట్టాడు. పంపు తీశాడు. చుట్టూ షెడ్లలో సాంచాల చప్పుడు. ఆ ఊళ్లో అది గాలిలాంటిది, ఎవరికీ వినిపించదు.

ముల్లు మెల్లగా పడింది.

అతుకు కారుతోందనుకున్నాడు. ముల్లు ఆగింది. మళ్లీ పైకి లేచింది. పంపు తీసేశాక ముల్లు లేవడానికి వీల్లేదు. మళ్లీ పడింది. మళ్లీ లేచింది... నిద్రపోతున్న మనిషి రొమ్ములా.

అప్పుడే కరెంటు పోయింది. సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

ఆ నిశ్శబ్దంలో చప్పుడు వినిపించింది. షీటు కింద, వాలు మీద ఏదో పాకుతున్నట్టు. కింద నుంచి పైకి... ఒకచోట ఆగి... జర్రున కిందికి. కాసేపు ఏమీ లేదు. మళ్లీ కింద నుంచి పైకి.

"బావా..." అవతలి గట్టు నుంచి ప్రవళిక గొంతు. గట్టిగా కాదు. "గిటు రా."

అతను గట్టు చుట్టూ వెళ్లాడు. టార్చి వెలుగులో ఆమె కాళ్ల ముందు షీటు ఉబ్బి ఉంది. ఆ ఉబ్బు పైకి జరిగింది. అంచుకు బారెడు కింద ఆగింది. వణికింది. జారిపోయింది.

"గ్యాసు," అన్నాడు. "కింద బురద కుళ్లితే గిట్లనే లేస్తది."

"గ్యాసైతే కొయ్యి. పోతది. మొన్న కోరుట్లల కోస్తివి గదా."

ఉబ్బితే కోసి, గాలి వదిలి, మీద అతుకు వేయడమే పద్ధతి. ఆమెకు నేర్పింది తనే.

"పొద్దుగాల కోద్దాం బిడ్డ."

"బావా. కొయ్యి."

కోశాడు. రంగునీళ్ల పులుపు వాసనతో చల్లటి గాలి ముఖాన కొట్టింది. ప్రవళిక టార్చి లాక్కుని, అంచు ఎత్తి లోపలికి చూసింది. చాలాసేపు చూసింది. తన ఎడమచేతిని చాపి, ఉంగరపు వేలు మడిచి, ఒక గుర్తు మీద పెట్టింది.

"ఎంతసేపు?" అంది.

అతను కత్తి కింద పెట్టాడు.

"పడంగనే పాయె అన్నవు. నాతోని అన్నవు. మీ అవ్వ పోశవ్వత్త మీద ఒట్టేసి అన్నవు."

"తెల్వది బిడ్డ... శానసేపే."

"పిలిచిండా?"

"సాంచాల చప్పుడుల ఎవలికి ఇనపడ్తది..."

ఆమె ఏడుస్తుందనుకున్నాడు. ఆమె లేచి, సామాన్ల బండి దగ్గరికి వెళ్లి తాడు తెచ్చింది. అదే తాడు. ఒక కొసను గుంజకు కట్టింది. రెండో కొసను కోసిన చోటు నుంచి లోపలికి వదిలింది.

"పట్టుకో," అంది గుసగుసగా. "నేనే... ప్రవళికను."

చప్పుడు ఆగింది.

తాడు కదిలింది. మెల్లగా... బిగుసుకుంది.

ఇద్దరూ పట్టుకుని లాగారు. అది మనిషి బరువు. పాడె మోసిన భుజానికి ఆ బరువు తెలుసు. మూర... ఇంకో మూర. కింద షీటుకూ షీటుకూ మధ్య ఏదో పైకి వస్తోంది. ఉబ్బు ఎప్పుడూ ఆగే చోటికి వచ్చింది. ఆగింది.

"ఇడువకు," అంది ప్రవళిక. "ఇగ జరంతనే... ఇడువకు."

ఉబ్బు ఆ చోటు దాటింది.

కరెంటు వచ్చింది. సాంచాలన్నీ ఒక్కసారిగా మొదలయ్యాయి. తాడు సడలి, ఇద్దరూ వెనక్కి పడ్డారు. షీటు చదునుగా ఉంది. నీళ్లన్నీ ఎప్పుడో తోడేసిన గుంటలోంచి వచ్చిన తాడు కొస తడిసి, నీలంగా ఉంది.

ఆమెను బండి మీద ఇంటి దగ్గర దింపాడు. దారంతా బండి బరువుగా నడిచింది. దిగి టైరు నొక్కి చూశాడు. గాలి సరిగ్గానే ఉంది.

మర్నాడు ప్రవళిక పనికి రాలేదు. అతను ఫోన్ చేయలేదు. అన్నం డబ్బా ఉత్తరపు గట్టు మీది గుంజకు తగిలించి, కోసిన చోట అతుకు వేసి, దక్షిణపు గట్టుకు వచ్చి పరీక్ష మళ్లీ మొదలుపెట్టాడు. సాయవ్వ గుంట అడుగున సంచులు పేరుస్తోంది. ముల్లు కదలలేదు. అతుకు మంచిది. అవతలి కొసన గాటు పెట్టడానికి మనిషి లేడు కనుక తనే వెళ్దామని లేచాడు.

ముల్లు టక్కున సున్నాకు పడింది. అవతలి గట్టు నుంచి గాలి పొడుగ్గా నిట్టూర్చింది.

చుట్టూ నడిచి వెళ్లాడు. అక్కడ ఎవరూ లేరు. సందు చివర చిన్న గాటు ఉంది. ఎడమకు వాలి ఉంది.

ఫోన్ మోగింది. ప్రవళిక. ఆమె గొంతు తేటగా ఉంది, పోయిన ఏడాది ఉన్నట్టు.

"బావా, ఆయన పనికి అందిండా? డబ్బ మరిచి ఉరికిండు. ఆకలికి ఆగడు గదా, నీ దాంట్ల కెల్లి ఇంత పెట్టు."

గంగాప్రసాద్ గాటు వైపు చూశాడు.

"అందిండు బిడ్డ," అన్నాడు.

ఆ మాట అన్నాకే గుంజ వైపు తిరిగాడు. తెల్లవారుజామున భార్య వసంత గట్టిగా బిగించి ఇచ్చిన డబ్బా, గుంజ మొదట్లో నేల మీద ఉంది. మూత తీసి, పక్కన బోర్లించి ఉంది.