బిగిసిన దవడ

ఆదివారం పొద్దున్నే ఫెబా వేసిచ్చిన పెసరట్టును వీరమ్మ చిన్న చిన్న ముక్కలుగా తుంచి, టీలో నానబెట్టుకుని మింగుతోంది. అది చూసి కూతురికి ఒళ్ళు మండింది.

"పెసరట్టు టీలో ముంచుకుంటారా అమ్మా ఎవరైనా? నా వంట నచ్చకపోతే నచ్చలేదని చెప్పు!"

వీరమ్మ తల అడ్డంగా ఊపిందే తప్ప నోరు విప్పలేదు.

దర్శి దగ్గర పల్లెలో మిరపకోతకు కూలీల ముఠాను నడిపిన మనిషి వీరమ్మ. ఆమె కేకేస్తే అవతలి చేలో ఆడవాళ్ళు కూడా నడుమెత్తి చూసేవాళ్ళు. భర్త జయరావు పోయాక ఫెబా పట్టుబట్టి గుంటూరు తెచ్చుకుంది. తెచ్చుకున్న దగ్గర్నుంచీ, కాలేజీ లెక్చరరైన ఆ కూతురికి తల్లి గొంతే తలవంపులైంది. అమ్మ ఫోన్‌లో మాట్లాడితే పక్క ఫ్లాటు వాళ్ళకి వినబడుతుంది. అత్తగారు హెలెన్ వచ్చినప్పుడు కూడా "ఏందే, యాడికే" అంటుంది. "మెల్లగా అమ్మా, ఇది మిరప చేను కాదు" అని ఫెబా ఎన్నిసార్లు కసిరిందో లెక్కలేదు. వీరమ్మ గొంతు తగ్గించింది. తర్వాత మాటే తగ్గించింది. ఇల్లు ప్రశాంతంగా ఉందని ఫెబా లోలోపల సంతోషించింది కూడా.

ఆ మధ్యాహ్నం చర్చి నుంచి హెలెన్ భోజనానికి వచ్చింది. వీరమ్మ మాంసం ముట్టుకోలేదు. అన్నంలో మజ్జిగ పోసుకుని జుర్రుకుంది.

"ఏం వదినగారూ, మా అబ్బాయి ఇంట్లో తిండి సయించట్లేదా?" అని హెలెన్ నవ్వుతూనే అంది గానీ, ఆ మాట ఫెబాకు ముల్లులా గుచ్చుకుంది.

ఆవిడ అటు వెళ్ళగానే ఫెబా తల్లి మీద విరుచుకుపడింది.

"రెండు ముక్కలు తింటే నీ సొమ్మేం పోయేది? మూతి బిగించుకు కూర్చుంటే నేను నిన్ను ఏడిపిస్తున్నాననుకోరా? నోరు తెరిచి చెప్పు, నేనేం తక్కువ చేశాను?"

వీరమ్మ చెప్పబోయింది. చెవి పక్కన 'టక్' మని చప్పుడైంది. నోరు సగంలోనే ఆగిపోయింది. రెండు చేతులతో చెంపలు పట్టుకుని కుర్చీలో కూలబడింది.

"నమల్లేకపోతన్నానే. నోరు తెరుచుకోవట్లా" అంది, మాట ముద్దముద్దగా.

"ఎన్నాళ్ళ నుంచి అత్తయ్యా?" అని ఫెబా భర్త ప్రభు కంగారుగా అడిగాడు. వీరమ్మ భయంభయంగా కూతురి వైపు చూసింది. అమ్మ తనను చూసి భయపడుతోందని ఫెబాకు అప్పుడే తెలిసింది.

పళ్ళలో లోపమేమీ లేదని, చెవి కింద దవడ కీలు పట్టేసిందని పళ్ళ డాక్టరు తేల్చాడు. ఫెబాతో పనిచేసే నస్రత్, మందుల్లేకుండా చేతులతోనే కీళ్ళు, కండరాలు సరిచేసే ఒక కైరోప్రాక్టర్ దగ్గరికి వెళ్ళమంది.

"మెడలు విరుస్తారంటగా!" అని వీరమ్మ ఆ క్లినిక్ గుమ్మంలోనే బిగుసుకుపోయింది.

"నేనేం విరవనమ్మా, కూర్చోండి" అని డాక్టర్ సిద్దికా నవ్వింది. మెడ పక్కల నెమ్మదిగా వత్తింది. గ్లౌజు వేసుకున్న వేలితో చెంప లోపలి కండను తాకగానే వీరమ్మ కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

"రాయిలా ఉందమ్మా. పగలు కూడా పళ్ళు బిగించుకుని ఉంటారా?"

"మాట నోటిదాకా వచ్చిద్దమ్మా. అంటే బిడ్డ పరువు పోద్ది. అందుకని పళ్ళ కింద అదిమి పట్టుకుంటా. అదే అలవాటైపోయింది."

ఆమె గొంతులో నిష్ఠూరమే లేదు. ఫెబాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"అదొక్కటే కారణమని చెప్పలేను. కానీ దవడ వదులుగా ఉంచుకోవాలి. మెత్తటి తిండి, వేడిగుడ్డ కాపడం. కొన్నిసార్లు రావాలి, ఒక్కరోజులో తగ్గేది కాదు" అంది సిద్దికా.

ఇంటికి వెళ్ళే ఆటోలో ఫెబా తల్లి చెయ్యి పట్టుకుంది. "అమ్మా, ఏదైనా మాట్లాడవే."

"ఇయ్యాల దవడకి రెస్టు ఇమ్మందిగా డాక్టరమ్మ. నువ్వు చెప్పు, నేను ఇంటా."

క్లాసులో గంట సేపు ఆపకుండా పాఠం చెప్పే ఫెబాకు మాట పెగల్లేదు. చివరికి, "నీ నోరు నేనే నొక్కేశానమ్మా" అని, ఏడుపు బయటికి రాకుండా పళ్ళు బిగబట్టుకుంది.

వీరమ్మ మోటు వేళ్ళతో కూతురి చెంప నిమిరింది.

"అట్టా బిగబట్టమాకే. నీక్కూడా వచ్చిద్దీ నొప్పి. గట్టిగా ఏడువు."

డ్రైవరు వెనక్కి తిరిగి చూశాడు. ఎవరు చూస్తున్నారో, ఎవరు వింటున్నారో ఆలోచించకుండా ఫెబా అమ్మ భుజమ్మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది.