జవాబు చెప్పని టీచర్లు

ఓరెస్ట్, జినెట్‌ల పరిచయం గొడవతో మొదలైంది. గొడవకి కారణం పసుపు రంగు ప్లాస్టిక్ షడ్భుజి.

విన్నిపెగ్ నగరంలో ఉత్తరాన ఒక బడి. అందులో ఓరెస్ట్ అయిదో తరగతి టీచరు. జినెట్ పని బండి తోయడం. రంగు బిళ్లలు, గడుల కర్రలు, తక్కెడలు నింపిన బండిని క్లాసు క్లాసుకీ తోసుకెళ్లి, పిల్లల చేత లెక్కల్ని వాళ్లంతట వాళ్లే కనిపెట్టించాలి.

ఆ రోజు ఓరెస్ట్ క్లాసులో జినెట్ బిళ్లలు పంచి అడిగింది. "ఈ పసుపు బిళ్లని మిగతా రంగుల బిళ్లలతో కప్పాలి. ఎన్ని రకాల కలయికలు కుదురుతాయి?"

అడిగి ఊరుకుంది. క్లాసంతా నిశ్శబ్దం. ఓరెస్ట్ తట్టుకోలేకపోయాడు.

"ఎనిమిది," అన్నాడు వెనక నుంచి.

పిల్లలు బిళ్లలు కింద పెట్టేశారు. ఇంకేం వెతుకుతారు?

"చెప్పేశారుగా," అంది జినెట్ వరండాలోకి వచ్చాక.

"పిల్లలు అవస్థ పడుతుంటే చూస్తూ కూర్చోమంటారా?" అని అరిచాడతను.

"అవస్థ పడాలనే ఇచ్చాను. పైగా తప్పు చెప్పారు. ఏడు. పసుపు బిళ్ల మీద పసుపు బిళ్లనే పెట్టి దాన్నీ లెక్కేశారు."

"నాకు నిద్ర చాల్లేదండీ."

"నాకు చాలిందా?"

ఇద్దరి కళ్ల కిందా ఒకే రకం నలుపు. అది చూసి ఇద్దరికీ నవ్వొచ్చింది. మంచు బాగా పడే రోజులొచ్చేసరికి 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. జవాబు నాలుక చివరిదాకా వచ్చినా మింగేసి, "నువ్వేమనుకుంటున్నావు?" అని పిల్లల్నే అడగడం ఓరెస్ట్‌కి అలవాటైంది.

అంతలో స్కూలు బోర్డువాళ్లు బిళ్లలు దండగన్నారు. పిల్లకో కంప్యూటర్ తెర కొనిస్తే చాలట. తెర మీది త్రిభుజాన్ని తిప్పి చూడగలరా, జేబులో దాచుకుని ఇంటికి పట్టుకెళ్లగలరా? బిళ్ల చేత్తో పట్టుకోని మనుషులు బిళ్లల సంగతి తేల్చేశారు. బండితోపాటు జినెట్ ఉద్యోగమూ పోయింది. ఉత్తరాన ఎనిమిది గంటల దారిలో ఉన్న థాంప్సన్‌లో ఒక బడి ఆమెని బండితో సహా రమ్మంది. శుక్రవారంలోగా మాట చెప్పాలి.

ఆమె వెళ్లిపోతుందంటే ఓరెస్ట్‌కి అన్నం సహించడం లేదు.

గురువారం బడి వదిలాక, ఇద్దరూ పిల్లలు బొమ్మలు గీసే గదిలో సింకు దగ్గర నిలబడి సబ్బునీళ్లతో బిళ్లలు కడుగుతున్నారు. జినెట్ చెవి మీద ఇంత నురగ. ఓరెస్ట్ దాన్నే చూస్తూ, నేర్చుకున్న పద్ధతిలోనే అడిగాడు.

"నువ్వు వెళ్లిపోతే ఇక్కడ ఏం మారుతుందనుకుంటున్నావు?"

"నువ్వేమనుకుంటున్నావు?" అంది ఆమె, అలవాటుకొద్దీ.

అతను ఆగాడు. ఆమె ఆగింది. ఎదుటివాళ్లు ఆలోచిస్తుంటే మధ్యలో మాట్లాడకూడదు కదా. కుళాయి కారుతూనే ఉంది.

గదులు తుడిచే మెర్లీటా తలుపు తోసింది. "ఏంటమ్మా, పోట్లాడుకున్నారా?"

"లేదు మెర్లీటా, ఆలోచిస్తున్నాం," అంది జినెట్.

"కానీండి. అయ్యాక లైట్లు ఆపండి."

బిళ్లలు అయిపోయాయి. లైట్లు ఆపి ఎవరి దారిన వాళ్లు పోయారు. ఈమెకి చెప్పడానికేం లేదనుకున్నాడు అతను. ఇతనికి చెప్పడానికేం లేదనుకుంది ఆమె. భిన్నాలు చెప్పే పద్ధతిలో ప్రేమ చెప్పబోతే ఇంతే.

శుక్రవారం సాయంత్రం జినెట్ కారు కదల్లేదు. చలికాలం ఇంజను గడ్డకట్టకుండా వెచ్చబెట్టే కరెంటు తీగని పొద్దున తగిలించడం మరిచిపోయింది. ఆ చలికి బ్యాటరీ చచ్చిపోయింది. ఓరెస్ట్ తన కారు పక్కన పెట్టి, రెండు బ్యాటరీలకీ తీగలు కలిపాడు. చార్జి ఎక్కేదాకా ఇద్దరూ అతని కార్లో కూర్చున్నారు.

"నిన్న నేనడిగింది ప్రశ్న కాదు," అన్నాడు.

"మరి?"

"వెళ్లొద్దని."

"ఆ ముక్క చెప్పొచ్చుగా."

"చెప్పకూడదని నువ్వేగా నేర్పావు."

"పిల్లల దగ్గర, లెక్కల్లో! నా దగ్గర కాదు. పొద్దుటి నుంచీ నిలబడే ఉన్నాను ఓరెస్ట్. నీ మనసులో ఏముందో కనిపెట్టే ఓపిక లేదు. సూటిగా చెప్పు."

"నిన్ను ప్రేమిస్తున్నాను. నువ్వు లేకుండా ఆ బడిలో ఉండలేను."

జినెట్ సీటుకి తల ఆనించింది. "నేనూ ప్రేమిస్తున్నాను. కానీ మధ్యాహ్నమే థాంప్సన్‌కి ఒప్పుకున్నా. అక్కడైతే బండి ఉంటుంది. దాన్ని వదల్లేను."

ఓరెస్ట్ కారు హీటరు ఇంకాస్త పెంచాడు.

"అక్కడ ఆరో తరగతికి మనిషి లేడట. నీ పేరు చెప్పాను."

"నన్నడక్కుండానా?"

"అడిగితే 'నువ్వేమనుకుంటున్నావు?' అంటావని భయమేసింది. ఇష్టం లేకపోతే చెప్పు, తీసేయమంటాను."

"అక్కడ ఇంతకంటే చలి కదా?"

"చాలా."

"వస్తాను," అన్నాడు. "ఈ ఏడాది పిల్లల్ని పై తరగతికి పంపి వస్తాను. అమ్మకి చెప్పాలి."

అక్కడే ఫోన్ కలిపాడు. అంతా విని ఆవిడ అడిగింది.

"అంత దూరమా?"

"అంత దూరమేనమ్మా."

"ఆ పిల్ల పెరోగీలు తింటుందా?"

"ఏం పెట్టినా తింటుంది. పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు."

"ఆలుగడ్డ కూరి కజ్జికాయల్లా మడిచినవి ఫ్రీజర్లో ఉన్నాయి, ఉడకబెడితే చాలు. ఏదీ, ఒకసారి ఫోనివ్వు."

ఓరెస్ట్ పక్కకి తిరిగాడు. జినెట్ నోరు కొంచెం తెరిచి, అతని భుజం మీద నిద్రపోతోంది.

"పడుకుందమ్మా."

"అయితే లేపకు," అంది తల్లి, తనే గొంతు తగ్గించి. "లేచాక ఇద్దరూ ఇటే రండి. పొయ్యి మీద నీళ్లు పెడుతున్నా."