రెండోసారి అడగని ఓడ

కాఫీ బండి నూకరత్నం ముందుకొచ్చి ఆగింది. "కాఫీ తీసుకుంటారా అమ్మా?" అంది మెత్తని గొంతుతో.

"అబ్బే, వద్దమ్మా," అంది నూకరత్నం.

జాకెట్టు మెడ అంచుకి గుచ్చిన పలుకుబిళ్ళ ఒకసారి పచ్చగా వెలిగి ఆరింది. బండి పక్క బల్లకి కదిలిపోయింది. ఇక ఆ పూటకి ఆవిడకి కాఫీ లేదు. కెప్టెన్ కాళ్ళు పట్టుకున్నా రాదు.

"మళ్ళీ అన్నావా!" అంటూ వరహాలు తన కప్పులోది సగం ఆవిడ గ్లాసులోకి ఒంపింది.

"నాకెందుకే, నువ్వు తాగు."

"నోరు మూసుకుని తాగక్కా," అంది వరహాలు, తన బిళ్ళని గుప్పిట్లో మూసి.

అప్పుడు తాగింది నూకరత్నం. చెరుకురసం తాగినంత తృప్తిగా తాగింది.

ఇద్దరూ తోడికోడళ్ళు. అన్నదమ్ములిద్దరూ విశాఖ పోర్టులో పనిచేసి, ఒకరి వెనక ఒకరు పోయారు. పిల్లాజెల్లా లేరు. అప్పట్నుంచి ముప్పై ఏళ్ళుగా ఒకటే పొయ్యి, ఒకటే గది, రెండు మంచాలు. రోజూ పోట్లాడుకుంటారు. నూకరత్నానికి ఊపిరి పట్టేసే జబ్బుంది. రాత్రిపూట ఎప్పుడు పట్టేసినా, పిలవకముందే వరహాలు లేచి వీపు రాస్తుంది. రాస్తూ తిడుతుంది. ఆ తిట్లు వింటే నూకరత్నానికి సగం ఊపిరి దానంతటదే వచ్చేది.

ఇద్దరికీ ఇదే మొదటి విహారయాత్ర. దక్షిణ సముద్రంలో మంచుకొండలు ఇంకా నాలుగైదు మిగిలున్నాయట, అవీ కరిగిపోయేలోగా చూద్దామని బయల్దేరారు.

పలుకుబిళ్ళ సంగతి చెప్పాలి. మనిషిని ఏదైనా అడిగినప్పుడు నోట్లోంచి వచ్చే తొలిమాటే అతని అసలు కోరిక అనీ, ఆ తరవాతవన్నీ ఎదుటివాళ్ళ ఒత్తిడికి లొంగి అనేవే అనీ శాస్త్రజ్ఞులు తేల్చారు. గొంతునరాల కదలికా, నాడీ పట్టుకుని ఆ తొలిమాటని నమోదు చేసే బిళ్ళని తయారుచేశారు. అబద్ధమెందుకు, దానివల్ల మేలే జరిగింది. ఇష్టంలేని పెళ్ళిళ్ళు ఆగిపోయాయి. బలవంతంగా సంతకాలు పెట్టించుకునేవాళ్ళు మాయమైపోయారు. వద్దన్నవాణ్ణి మళ్ళీ అడగడానికి 'మలిప్రశ్న' అని పేరుపెట్టి, దాన్ని నేరం చేశారు. పలుకుబిళ్ళ లేకుండా ఇప్పుడు బస్సు తలుపు కూడా తెరుచుకోదు.

కాకపోతే ఆ శాస్త్రజ్ఞుల్లో ఒక్కరు కూడా తెలుగువాళ్ళ బంతిభోజనంలో కూర్చున్నట్టు లేదు. విస్తరి మీద రెండు చేతులూ అడ్డంపెట్టి "చాలు, చాలు" అంటూనే, గరిటె ఎంత దూరంలో ఉందో చూసుకునే మనిషిని వాళ్ళు ఎరగరు. అడిగిన వెంటనే ఔననడం మర్యాద కాదని పెరిగిన తరం ఒకటుంది. రెండోసారి అడిగితేనే పిలిచినట్టు, మూడోసారి చెయ్యి పట్టి లాగితేనే ప్రేమున్నట్టు. ఆ తరం అరవై దాటిపోయింది కనక, వాళ్ళ సంగతి ఎవరికీ పట్టలేదు.

ఆ రోజు మధ్యాహ్నం గదులు ఎంచుకోవాలి. అప్పటిదాకా అందరూ పెద్ద హాల్లో వరస పడకల మీదే పడుకున్నారు. మర్నాటి నుంచి ఓడ వడతెరలోకి ప్రవేశిస్తుంది. భూమధ్యరేఖ చుట్టూ నిప్పులు చెరిగే గాలి అది. దాన్ని దాటేదాకా, సుమారు మూడువారాలు, డెక్కులన్నీ మూసేస్తారు. ఎవరి గది వాళ్ళకే చలువ, ఎవరి గది తలుపు వాళ్ళకే తాళం. భోజనం గోడలోని కంతలోంచి వస్తుంది. ఒంటిగదా, జంటగదా అన్నది ఒక్కొక్కరినీ విడిగా మాటగదిలో అడుగుతారు. ఇద్దరూ జంట అంటేనే జంటగది. ఒక్కరు కాదన్నా ఇద్దరికీ ఒంటిగదులే.

"ఏటనాలి?" అంది వరహాలు వారం రోజుల్నుంచీ అడుగుతున్నట్టే.

"జంటగది."

"అబ్బే అన్నావంటే సముద్రంలోకి తోసేస్తాను."

"అననే. నీకు నిద్ర ఉండదేమోనని..."

"నా నిద్ర సంగతి నీకెందుకు? ఇంకోసారి అను."

"జంటగది," అంది నూకరత్నం, ఒకటో తరగతి పిల్ల ఎక్కం అప్పజెప్పినట్టు. వరహాలు నవ్వింది. నవ్వుతూనే, ఎందుకో ఆ ముఖం కేసి ఒక క్షణం ఎక్కువసేపు చూసింది.

ముందు నూకరత్నం వెళ్ళింది. మాటగదిలో కుర్చీ తప్ప ఏమీ లేదు. ప్రశ్న వినబడగానే కళ్ళు గట్టిగా మూసుకుని "జంటగది" అనేసింది. ఆవిడ జీవితంలో తనకి కావలసినదాన్ని అడిగిన వెంటనే ఔననడం అదే మొదలు. చెమటలు పట్టాయి. సంతోషంగా కూడా ఉంది. అవతలి వసారాలో కూర్చుని, వరహాలుకి చెప్పాలని ఎదురుచూసింది.

తరవాత వరహాలు వెళ్ళింది.

"వరహాలు గారూ, దయచేసి కూర్చోండి," అంది గొంతు. పుట్టింటి తరపు పెద్దావిడ ఎవరో పలకరించినట్టుంది. "నూకరత్నం గారితో జంటగది మీకు ఇష్టమేనా?"

ఇష్టమా అని వరహాలుని ముప్పై ఏళ్ళలో ఎవరూ అడగలేదు. అంత మర్యాదగా అడిగేసరికి ఆమెకి అక్క ముఖం గుర్తొచ్చింది. నేను నేర్పితేనే కదా అక్క జంటగది అంది. పాపం, ఒక్కసారైనా తన గది, తన కిటికీ, తిట్టేవాళ్ళు లేని నిద్ర కావాలని ఉందేమో. నాకు భయపడి అనలేదేమో. ఇదంతా బుర్రలో తిరగడానికి రెప్పపాటు కూడా పట్టలేదు. ఆ లోపలే నోరు తన పని చేసేసింది.

"నాదేముందండీ, ఒంటిగదైనా పర్వాలేదు. అక్క ఎలాగంటే అలాగే."

పలుకుబిళ్ళ పచ్చగా వెలిగింది.

"కాదు, కాదు! జంటగదే!"

"మీ తొలిమాట నమోదైంది. ధన్యవాదాలు." ఎడమవైపు తలుపు తెరుచుకుంది. నూకరత్నం కూర్చున్న వసారా అటువైపు లేదు.

ఆ నడవాలో సమన్వి అనే అమ్మాయి నిలబడి ఉంది. గదులు చూపించడం ఆమె పని. పాతికేళ్ళుంటాయేమో, నెమ్మదైన పిల్ల. వరహాలు ఆమె రెండు చేతులూ పట్టేసుకుంది.

"తల్లీ, పొరపాటైపోనాది. ఇంకోసారి అడగమని చెప్పమ్మా."

"మలిప్రశ్న అడగకూడదండీ. మీకే రక్షణ అది. ఒంటిగదైనా పర్వాలేదని మీరే అన్నారు కదా?"

"అది మాటవరసకన్నానమ్మా!"

"మాటవరస అంటే ఏమిటండీ?" అంది సమన్వి.

వెటకారం కాదు. ఆ పిల్లకి నిజంగానే ఆ మాట తెలియదు. పుట్టి బుద్ధెరిగాక, మనసులో ఒకటి పెట్టుకుని పైకి ఇంకోటి అనే మనిషిని ఆమె చూడలేదు. వరహాలు ఎలా చెప్పాలా అని వెతుక్కుంది. మెల్లిగా చేతులు వదిలేసింది.

అవతల నూకరత్నానికి కబురందింది. "మీ తోటి ప్రయాణికురాలు ఒంటిగదికి సమ్మతించారు. మీ గది ఇటువైపు."

"వరహాలేనా? సరిగ్గా విన్నారా?"

"తొలిమాటేనండి," అంది గొంతు.

ఒంటిగది చాలా బాగుంది. పరుపు మెత్తగా ఉంది, ఊపిరి తగ్గితే దానంతటదే గాలి అందించే గొట్టం ఉంది, గుండ్రటి కిటికీలోంచి సముద్రం కనబడుతోంది. నూకరత్నం మంచం అంచు మీద కూర్చుంది. వారం రోజులు నేర్పిన మనిషి, తీరా అడిగితే తనే వద్దంది. అయితే ముప్పై ఏళ్ళ ఆ తిట్లు నిజంగా తిట్లేనా? ఒక్కటొక్కటే తవ్వి తీసి చూసుకుంది. ప్రతిదానికీ ఇప్పుడు వేరే అర్థం కనిపించింది.

తలుపు తాళం పడ్డ కాసేపటికి గోడ మాట్లాడింది. "వరహాలు గారు మీతో మాట్లాడాలంటున్నారు. మాట్లాడతారా?"

నూకరత్నానికి ఒళ్ళు మండిపోయింది. "ఏం అక్కర్లేదు. వద్దు."

అలక అది. అలిగినవాళ్ళు తలుపు గట్టిగా వేసుకుంటారు గానీ గడియ పెట్టరు. బతిమాలడానికి ఎవరైనా వస్తారని చెవి అటే వేసి ఉంచుతారు. నూకరత్నం కూడా అలాగే గోడ కేసి చూస్తూ కూర్చుంది. రెండోసారి అడిగితే "ఏం మాట్లాడాలిట దానికి?" అని విసుక్కుని, సరేనందామని అనుకుంది. గోడ రెండోసారి అడగలేదు. వడతెర దాటేదాకా ఆ విషయంలో ఆమె కోరిక అదేనని రాసుకుంది.

ఆ వైపు గదిలో వరహాలు మళ్ళీ మళ్ళీ మొరపెట్టుకుంది. "నూకరత్నం గారు మాట్లాడదలుచుకోలేదు" అన్న జవాబే ప్రతిసారీ వచ్చింది. పక్కగది ఎవరిదో తెలియకుండానే గోడ మీద బాదింది. "అక్కా, నేనలా అనలేదే" అని గట్టిగా అరిచింది. గోడలు చలువ బయటికి పోకుండా మందంగా కట్టినవి. రాత్రుళ్ళు అలవాటుగా మెలకువొచ్చి లేచి కూర్చునేది, రాయడానికి వీపు ఉండేది కాదు. ఏడుపొచ్చేది.

వడతెర దాటాక తలుపులు తెరుచుకున్నాయి. చల్లగాలి వీస్తోంది. జనమంతా డెక్కు మీదకి పరిగెత్తారు. వరహాలు ఒంటిగదుల వరసంతా వెతికి, నూకరత్నాన్ని గది గుమ్మంలోనే పట్టుకుంది. అక్క చిక్కిపోయింది. ముఖం మాత్రం నెమ్మదిగా ఉంది. అంత నెమ్మది ఆ ముఖంలో వరహాలు ఎప్పుడూ చూడలేదు.

అంతా చెప్పింది. మాటగదిలో ఏం అడిగారో, తను ఏమనుకుందో, నోరు ఎలా జారిందో ఏడుస్తూ చెప్పింది.

"నీ కోసమే అన్నానక్కా. నీకు విడిగా ఉండాలనుందేమోనని. నమ్మవా?"

"నమ్మకేం," అంది నూకరత్నం.

"తిరుగు ప్రయాణానికి గదులు ఇప్పుడే మార్చుకోవచ్చట. జంటగదికి పోదాం, పద."

"వద్దే వరహాలూ."

వరహాలుకి ప్రాణం లేచొచ్చింది. ఈ వద్దు తనకి తెలిసిందే. చెయ్యి పట్టుకుంది. "పదక్కా, నీ బెట్టు సంతకెళ్ళా." వరహాలు మెడ దగ్గరి బిళ్ళ ఎర్రగా వెలిగి కూత పెట్టింది. మలిప్రశ్న. నడవాలో వెళ్తున్న సమన్వి అదిరిపడి ఆగిపోయింది. వరహాలు బిళ్ళని పీకి నేల మీద పడేసింది.

"రావే అక్కా. నీకు దండం పెడతాను."

"వద్దు."

"నిన్ను ఎత్తుకుపోతాను, ఏటనుకుంటున్నావో."

"వద్దే. మొదటి నాలుగు రోజులూ నువ్వు గోడైనా బాదుతావని చూశాను. నువ్వు నన్ను తిట్టాలని ఎంత చూశానో నాకే తెలుసు. ఆ తరవాత చూడ్డం మానేశాను. మానేశాక బాగానే ఉంది. ఇప్పుడు మళ్ళీ నీ మొహంలోకి చూస్తూ, ఇది నిజంగా అంటోందా, మాటవరసకి అంటోందా అని రోజంతా ఆలోచించలేను. నాకా ఓపిక లేదు."

వరహాలు ఆమె గొంతునే విన్నది. ముప్పై ఏళ్ళలో అక్క అన్న వద్దులన్నీ ఆమెకి తెలుసు. ఆకలేసినప్పటి వద్దు, జ్వరమొచ్చినప్పటి వద్దు, కొత్త చీర చూసినప్పటి వద్దు. వాటన్నిటి అడుగునా ఏదో ఒకటి తడిగా ఉండేది. చెయ్యిపెట్టి తీస్తే వచ్చేది. ఇందులో చెయ్యి పెట్టింది. ఏమీ తగల్లేదు. నూకరత్నం మెడ దగ్గరి బిళ్ళ పచ్చగా, నిలకడగా వెలుగుతోంది.

"సరేలే," అంది చివరికి. "ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం."

"ఇంటికెళ్ళాక నేను పక్క పోర్షన్‌లోకి మారతానే," అంది నూకరత్నం. "ఎలాగూ ఖాళీగానే ఉంది కదా."

వరహాలు వంగి, నేల మీది బిళ్ళని తీసి జాకెట్టుకి గుచ్చుకుంది. ఇంకోసారి అడగలేదు.