మీసాలాయన పొట్ట మీది కుట్టు

మా శిక్షణ గదికి కిటికీలు లేవు. మధ్యాహ్నమైనా చీకటే. స్పిరిటు వాసన, రబ్బరు వాసన, ఏసీ సన్నటి మూలుగు. మధ్యలో ఖాళీ బల్ల. ప్రత్యేకమైన కళ్లద్దాలు పెట్టుకుంటే దాని మీద రోగి కనిపిస్తాడు. చేతొడుగులు తొడుక్కుంటే వేళ్లకి తగులుతాడు కూడా. ఇదంతా తయారుచేసింది మా అక్క, పేరున్న సర్జను. నేనింకా డాక్టరు చదువులోనే ఉన్నాను. అమ్మ పోయాక నాకు అన్నీ తనే.

ఆ రోజు గదిలో మేమిద్దరమే. బల్ల మీద ఒక మీసాలాయన వెల్లకిలా పడుకుని కనిపించాడు.

"ముఖాలు రోజుకొకటి మారుస్తాం. చేతికి తగిలే ఒళ్లు మాత్రం ఎప్పుడూ ఒక్కటే. నిజం మనిషి దగ్గర కొలిచింది," అంది అక్క గర్వంగా. "మెల్లగా నొక్కు. నొప్పి ఉన్నచోట పొట్ట బిగుసుకుంటుంది."

నొక్కాను. వెచ్చగా ఉంది. బొడ్డు కింద అడ్డంగా ఒక గట్టి గీత తగిలింది. పాత కుట్టు. ఎడమ చివర కాస్త వంకర.

మీసాలాయనకి సిజేరియన్ ఏమిటి? నవ్వొచ్చింది. అంతలోనే ఆగిపోయింది.

ఆ వంకర నాకు తెలుసు. నేను పుట్టినప్పటిది. చిన్నప్పుడు దాని మీద చెయ్యి వేసుకుంటే గానీ నాకు నిద్ర పట్టేది కాదు.

ఇంకాస్త నొక్కాను. పొట్ట బిగుసుకుంది... వణికింది.

"అమ్మ నిద్రలోనే పోయిందన్నావు," అన్నాను. "నొప్పే తెలీలేదన్నావు. నన్ను రావద్దన్నావు."

అక్క చూపు తిప్పుకుంది. "నొప్పికి మందు ఇస్తే పొట్ట మెత్తబడిపోతుంది. కొలతలు రావు..."

అంటే ఇవ్వలేదు. నమ్మించి గొంతు కోసింది. నాదీ, అమ్మదీ.

"అమ్మని అడిగావా?"

"వందలమంది నేర్చుకుంటున్నారే దీనిమీద!"

నాకు ఒళ్లు మండిపోయింది. చెయ్యి వెనక్కి తీసుకోబోయాను. రాలేదు. ఎవరో నా చిటికెన వేలు పట్టుకున్నారు. గట్టిగా కాదు... వెళ్లకే అన్నట్టు. రోడ్డు దాటేటప్పుడు అమ్మ అలాగే పట్టుకునేది.

కళ్లద్దాలు లాగేశాను. ఖాళీ బల్ల. పట్టు మాత్రం పోలేదు.

"అక్కా... అమ్మ చెయ్యి కూడా కొలిచావా?"

"లేదే. పొట్ట ఒక్కటే. ఇందులో చెయ్యి లేనే లేదు. ఏదీ, ఇటివ్వు."

అక్క దగ్గరికి రాగానే నా వేలు వదులైంది. నా చేతొడుగు తీసుకుని తను తొడుక్కుంది. బల్ల మీదికి వంగింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"చెల్లీ... వదలమనవే."

స్విచ్చి కట్టేశాను. చేతొడుగు పట్టుకుని లాగాను. అది నా చేతిలోకి ఊడి వచ్చింది.

అక్క చెయ్యి మాత్రం గాల్లోనే ఉండిపోయింది.

"వదలమనవే... నీ మాటైతే వింటుంది..."

అమ్మా, వదిలెయ్ అనాలి. నాకు నోరు రాలేదు. నా కళ్ల ముందే అక్క వట్టి వేళ్లు ఒకదానికొకటి నొక్కుకుపోయి, మెల్లగా తెల్లబడుతున్నాయి.